ఉల్లిపాయలోని క్వెర్సెటిన్: తిండిగా ఎంత, మందుగా ఎంత?

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. మూడేళ్లుగా బీపీ ఉంది. రోజూ అమ్లోడిపిన్ 5 మి.గ్రా., కొలెస్ట్రాల్‌కి అటోర్వాస్టాటిన్ 10 మి.గ్రా. వేసుకుంటున్నాను. అయినా 136/86 దగ్గరే తిరుగుతోంది. ఉల్లిపాయల్లో, యాపిల్‌లో ఉండే క్వెర్సెటిన్ అనే ఫ్లేవనాయిడ్ (మొక్కల్లో ఉండే ఒక రకం పదార్థం) బీపీ తగ్గిస్తుందని, గుండెకు మంచిదని చదివాను. ఒక స్నేహితుడు 500 మి.గ్రా. క్యాప్సూళ్ల డబ్బా ఇచ్చాడు. వేసుకోవచ్చా? తిండితోనే సరిపెట్టుకోవాలంటే ఏది ఎంత తినాలి? వండితే పోతుందంటున్నారు, నిజమేనా? కొన్నాళ్లకు బీపీ మాత్ర మానేయొచ్చా? మా అమ్మకు 76 ఏళ్లు, వార్ఫరిన్ వాడుతోంది. ఆవిడకూ ఇవ్వొచ్చా?

సమాధానం: ముందు మీ అమ్మగారి విషయం. ఆ క్యాప్సూల్ ఆవిడకు ఒక్కటి కూడా ఇవ్వకండి. రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ మోతాదు కాస్త తగ్గితే రక్తం గడ్డ కడుతుంది, కాస్త పెరిగితే రక్తస్రావం అవుతుంది. అందుకే రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూపే ఐఎన్‌ఆర్ పరీక్ష చేయిస్తూ మోతాదు సరిచేస్తుంటారు. ఆ మందును కాలేయంలో విరగ్గొట్టే ముఖ్యమైన ఎంజైము సీవైపీ2సీ9. క్వెర్సెటిన్ ఈ ఎంజైమును అడ్డుకుంటుందని ప్రయోగశాలలో తేలింది. పైగా వార్ఫరిన్ రక్తంలో అల్బుమిన్ అనే ప్రొటీన్‌ను అంటిపెట్టుకుని తిరుగుతుంది. క్వెర్సెటిన్ కూడా అక్కడికే చేరి దాన్ని పక్కకు నెట్టగలదు. మనిషి ఒంట్లో ఇది ఎంతవరకూ జరుగుతుందన్నది ఇంట్లో పెద్దావిడ మీద చూసుకోవాల్సిన ప్రయోగం కాదు. ఇప్పటికే రెండు మూడు రోజులు ఇచ్చి ఉంటే ఆపేసి, ఆవిడ వైద్యుడికి ఫోన్ చేసి, ఐఎన్‌ఆర్ పరీక్ష ముందుకు జరపమని అడగండి. చిగుళ్ల నుంచి రక్తం, కారణం లేకుండా కమిలిన మచ్చలు, నల్లగా వచ్చే మలం కనిపిస్తే పరీక్ష తేదీ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఆవిడ తిండిలో ఉల్లిపాయ, యాపిల్ మామూలుగా ఉండొచ్చు. జాగ్రత్త పడాల్సింది ఆకుకూరల దగ్గర. క్వెర్సెటిన్ బాగా ఉన్న కొత్తిమీర, సోయికూర, కేల్ లాంటి ఆకుల్లో విటమిన్ కె కూడా దండిగా ఉంటుంది. వార్ఫరిన్ అడ్డుకునేది ఆ విటమిన్ చేసే పనినే. కాబట్టి 'గుండెకు మంచిదట' అని ఉన్నట్టుండి రోజూ ఒక కట్ట మొదలుపెడితే మందు పట్టు సడలి ఐఎన్‌ఆర్ పడిపోతుంది. ఆకుకూరలు మానక్కర్లేదు. వారం వారం తినే పరిమాణం ఒకే తీరుగా ఉంటే చాలు.

ఇక మీ సంగతి. బీపీ మాత్ర మానకండి. తిండి ద్వారా క్వెర్సెటిన్ నిశ్చింతగా తీసుకోండి. క్యాప్సూల్ విషయంలో తొందరపడకండి, మీ వైద్యుడితో మాట్లాడకుండా మొదలుపెట్టొద్దు. ఎందుకో కాస్త విపులంగా చెప్పాలి, ఎందుకంటే మీరు చదివినదాంట్లో రెండు వేర్వేరు రకాల సాక్ష్యాలు కలగలిసిపోయి ఉంటాయి.

మొదటి రకం, జనం ఏం తింటున్నారో రాసుకుని, ఆ తర్వాత ఎవరికి ఏమైందో ఏళ్ల తరబడి చూసే పరిశీలనలు. వీటిలో పేరుపడ్డది నెదర్లాండ్స్‌లోని జుట్ఫెన్ పట్టణంలో జరిగింది. 65 నుంచి 84 ఏళ్ల మధ్య ఉన్న 805 మంది మగవాళ్ల తిండిని 1985లో నమోదు చేసి, ఐదేళ్లు గమనించి, 1993లో ఫలితాలు ప్రకటించారు. వాళ్లు రోజుకు తీసుకున్న ఫ్లేవనాయిడ్లు సగటున 26 మి.గ్రా. మాత్రమే. అందులో ఎక్కువ భాగం క్వెర్సెటినే. అది వచ్చింది ముఖ్యంగా టీ నుంచి, తర్వాత ఉల్లి, యాపిల్ నుంచి. ఎక్కువ తీసుకున్న మూడో వంతు మందిలో గుండెజబ్బు మరణాలు, తక్కువ తీసుకున్న మూడో వంతు మందితో పోలిస్తే సగం కంటే తక్కువ. ఈ కథ ఇక్కడితో ఆగిపోతే ఎంతో బాగుండేది. 1997లో అదే పరిశోధకులు వేల్స్‌లోని కేర్‌ఫిల్లీలో దాదాపు 1,900 మంది మీద ఇదే లెక్క చూస్తే ఆ మేలు కనిపించలేదు. అక్కడ ఫ్లేవనాల్స్ (క్వెర్సెటిన్ లాంటి ఫ్లేవనాయిడ్లు) ఎక్కువగా వచ్చేది టీ నుంచే. టీ ఎక్కువ తాగేవాళ్ల మిగతా అలవాట్లు, అంటే పొగ తాగడం, కూరగాయలు తినడం, ఒంటికి పని చెప్పడం, అన్ని ఊళ్లలోనూ ఒకేలా ఉండవు కదా. పరిశీలనల్లో ఉన్న చిక్కే ఇది: ఉల్లి, యాపిల్ బాగా తినేవాడు ఇంకా చాలా మంచి పనులు చేస్తుంటాడు. ఆ మేలు ఏ ఒక్కదానిదో విడదీసి చెప్పడం కష్టం.

రెండో రకం, క్యాప్సూల్ ఇచ్చి చేసిన పరీక్షలు. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2007లో ప్రచురించిన దాన్నే అందరూ ఉదహరిస్తారు. రోజుకు 730 మి.గ్రా. చొప్పున 28 రోజులు ఇస్తే, మొదటి దశ అధిక రక్తపోటు (140/90 నుంచి 159/99 దాకా) ఉన్నవాళ్లలో పై అంకె సుమారు 7, కింది అంకె సుమారు 5 పాయింట్లు తగ్గాయి. బీపీ ఇంకా ఆ గీత దాటని, సరిహద్దులో ఉన్నవాళ్లలో మాత్రం ఏ మార్పూ లేదు. మీ 136/86 మాత్ర వేసుకుంటుండగా ఉన్న అంకె. అది ఆ రెండో గుంపుకే దగ్గరగా ఉంది. 2016 నాటికి ఏడు పరీక్షల్ని, మొత్తం 587 మంది లెక్కల్ని కలిపి చూస్తే పై అంకె సగటున 3, కింది అంకె సుమారు 2.6 పాయింట్లు తగ్గినట్టు వచ్చింది. రోజుకు 500 మి.గ్రా. లేదా అంతకు మించి తీసుకున్న పరీక్షల్లోనే ఆ తగ్గుదల నమ్మదగ్గట్టుగా ఉంది.

ఇప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదాంట్లో మోతాదు రోజుకు పాతిక మిల్లీగ్రాములు, అదీ తిండిలో, ఏళ్ల తరబడి. రెండోదాంట్లో 500, 700 మిల్లీగ్రాములు, పొడి రూపంలో, కొన్ని వారాలు. క్యాప్సూల్ అమ్మేవాళ్లు మొదటిదాంట్లోని గుండె ఫలితాన్ని చూపిస్తారు. ఉల్లి గురించి రాసేవాళ్లు రెండోదాంట్లోని బీపీ ఫలితాన్ని చూపిస్తారు. ఒకదాని ఫలితాన్ని మరొకదానికి అంటగట్టడం పొరపాటు. క్యాప్సూల్ వేసుకుంటే గుండెపోటు, పక్షవాతం తగ్గుతాయని రుజువు చేసిన పరీక్ష లేదు.

తిండితోనే ఆ 730 మి.గ్రా. అందుకోగలమా అని లెక్క కడితే అసలు సంగతి అర్థమవుతుంది. ఎర్ర ఉల్లిపాయలో 100 గ్రాములకు సుమారు 30 మి.గ్రా. అనుకుందాం. 730 కావాలంటే రోజుకు దాదాపు 2.4 కిలోలు తినాలి. అయితే ఉల్లిలో ఉన్నది క్యాప్సూల్‌లో ఉన్నదాని కంటే బాగా ఒంటబడుతుంది కాబట్టి ఆ బరువు సగానికి రావచ్చు. అయినా రోజుకు కిలో పైమాటే. కాబట్టి ఉల్లిని బీపీ మాత్రగా చూడటం మానేసి, మంచి కూరగాయగా చూడటం మేలు.

ఉల్లిది ఎందుకు బాగా ఒంటబడుతుందన్నది ఆసక్తికరమైన విషయం. మొక్కల్లో క్వెర్సెటిన్ సాధారణంగా ఒంటరిగా ఉండదు, ఏదో ఒక చక్కెరను తగిలించుకుని ఉంటుంది. ఉల్లిలో ఆ చక్కెర గ్లూకోజ్. పాలలోని చక్కెరను జీర్ణం చేసే లాక్టేజ్ ఎంజైమే చిన్నపేగు గోడ దగ్గర ఈ గ్లూకోజ్‌ను తుంచేస్తుంది. విడివడిన క్వెర్సెటిన్ అక్కడికక్కడే లోపలికి వెళ్తుంది. టీలో ఎక్కువగా ఉండేది రూటిన్. దానికి రెండు చక్కెరల జంట తగిలి ఉంటుంది. దాన్ని చిన్నపేగు తుంచలేదు, పెద్దపేగుదాకా వెళ్లి అక్కడి బాక్టీరియా చేతిలో పడాలి. అందుకే ఉల్లి తిన్న గంటలోపే రక్తంలో మోతాదు తారస్థాయికి చేరితే, రూటిన్‌కు ఆరు నుంచి తొమ్మిది గంటలు పడుతుంది. 1995లో నెదర్లాండ్స్‌లో చిన్నపేగు చివరను పొట్ట బయటికి తెరిచి ఉంచిన వాలంటీర్ల మీద కొలిస్తే, ఉల్లి నుంచి 52 శాతం, ఏ చక్కెరా లేని శుద్ధ క్వెర్సెటిన్ నుంచి 24 శాతం, రూటిన్ నుంచి 17 శాతం ఒంట్లోకి చేరింది. మామూలు క్యాప్సూల్‌లో ఉండేది ఆ మధ్యలోని శుద్ధ రకమే. నీటిలో దాదాపు కరగని పసుపు పొడి అది.

లోపలికి వెళ్లింది కూడా అదే రూపంలో మిగలదు. పేగు గోడ, కాలేయం కలిసి దానికి గ్లూకురోనిక్ ఆమ్లాన్నో సల్ఫేట్‌నో తగిలిస్తాయి, కొంత భాగాన్ని ఐసోరామ్నెటిన్ అనే మరో పదార్థంగా మారుస్తాయి. ప్రయోగశాలల్లో కణాల మీద పోసేది విడి క్వెర్సెటిన్. అదీ తరచూ 10 నుంచి 100 మైక్రోమోలార్ గాఢతలో. మామూలు తిండి తిన్న మనిషి రక్తంలో అది 1 మైక్రోమోలార్ కూడా ఉండదు, ఉన్నదీ మారిన రూపంలోనే ఉంటుంది. 'క్యాన్సర్ కణాలను చంపింది', 'వైరస్‌ను ఆపింది' అనే వార్తలు చదివేటప్పుడు ఈ ఒక్క తేడా గుర్తుంచుకోండి. పండ్ల డబ్బాల మీద ఓరాక్ అంకెలు వేసి యాంటీఆక్సిడెంట్ బలాన్ని చాటుకోవడం కూడా ఇలాంటిదే. పరీక్షనాళికలోని ఆ అంకెకు మనిషి ఆరోగ్యంతో పొంతన లేదని అమెరికా వ్యవసాయ శాఖ 2012లో తన ఓరాక్ పట్టికనే ఉపసంహరించుకుంది.

ఒంట్లోకి చేరిన క్వెర్సెటిన్ సగం తగ్గడానికి 11 నుంచి 28 గంటలు పడుతుంది. కాబట్టి పరగడుపున తినాలా, రాత్రి తినాలా అన్న పట్టింపు అక్కర్లేదు. రోజూ ఎంతో కొంత తింటూ ఉంటే రక్తంలో ఒక స్థాయి నిలుస్తుంది. కాస్త నూనె, కొవ్వు ఉన్న భోజనంతో కలిపి తింటే ఒంటబట్టేది పెరుగుతుంది.

ఇక ఏది కొనాలి, ఎలా తరగాలి అన్నది. అన్ని ఉల్లిపాయలూ ఒకటి కాదు. ఎర్ర, పసుపు రకాల్లో బాగా ఉంటుంది. తెల్ల ఉల్లిలో నామమాత్రమే. చిన్న ఉల్లిపాయల్లోనూ మెండుగా ఉంటుంది. ఉల్లికాడల్లో పచ్చని భాగంలో ఉంటుంది, కింది తెల్ల భాగంలో తక్కువ. ఒక్క ఉల్లిపాయ తీసుకుంటే బయటి పొరల్లో ఎక్కువ, లోపలికి వెళ్లేకొద్దీ తగ్గిపోతుంది. చాలామంది చేసే తప్పు ఇక్కడే: ఎండు పొట్టుతో పాటు మందపాటి మొదటి కండ పొరను కూడా ఒక్క లాగుతో తీసి పారేస్తారు. పోయేది ఒక్క పొరే కదా అనిపిస్తుంది, కానీ సారమున్న పొర అదే. మొదలు, తల కోసి, నిలువునా ఒక గాటు పెట్టి, కాగితంలాంటి పొట్టు మాత్రమే తీయండి. మరీ ఎండిపోయిన చోట ఆ ముక్క వరకే తీసేయండి.

ఎండు పొట్టులో క్వెర్సెటిన్ కండ కంటే ఎంతో ఎక్కువ. జర్మనీలో ఉల్లిపొట్టు సారంతో రోజుకు 162 మి.గ్రా. ఇచ్చిన పరీక్షలో, బీపీ ఉన్న గుంపులో 24 గంటల సగటు పై అంకె 3.6 పాయింట్లు తగ్గింది. దీన్ని చూసి పొట్టు మరిగించిన నీళ్లు తాగమని సలహాలు తిరుగుతుంటాయి. వాళ్లు వాడింది కొలిచి తయారుచేసిన సారం. మీ గిన్నెలో ఎంత దిగుతుందో చెప్పలేం. పైగా మట్టి, పురుగుమందుల అవశేషాలు ఉండేది ఆ పొట్టు మీదే. నల్లటి మసిలాంటి పొడి కనిపిస్తే అది బూజు. ఆ పొట్టు అసలు వాడకూడదు, బూజు లోపలి పొరలోకి దిగిన ఉల్లిపాయనూ పారేయాలి. పొట్టు నీళ్ల కోసం తాపత్రయపడటం కంటే బయటి కండ పొరను కాపాడుకోవడం మంచి పని.

వండితే పోతుందా అన్న ప్రశ్నకు: వేడికి క్వెర్సెటిన్ బాగానే తట్టుకుంటుంది, నీళ్లే దాన్ని తీసుకుపోతాయి. ఉల్లిముక్కల్ని నీళ్లలో ఉడికిస్తే సుమారు 30 శాతం ఆ నీళ్లలోకి దిగుతుంది. ఆ నీళ్లు పారబోస్తే పోయినట్టు, వంటకంలోనే ఉంచితే మీ కడుపులోకే వచ్చినట్టు. కొద్ది నూనెలో మగ్గబెట్టడం, ఓవెన్‌లో కాల్చడం, నీళ్లు పోయకుండా మైక్రోవేవ్‌లో పెట్టడం, వీటితో నష్టం తక్కువ. మాడితే మాత్రం పోతుంది, నల్లబడ్డ ముక్కలో ఏమీ మిగలదు. పచ్చి ఉల్లి ఘాటు తగ్గాలని తరిగిన ముక్కల్ని నీళ్లలో నానబెట్టి పిండేయడం వల్ల కూడా కొంత పోతుంది. అలా కంటే నిమ్మరసం కలిపి పావుగంట పక్కన పెట్టండి. తరిగాక పది నిమిషాలు ఆగాలి అనే మాట వెల్లుల్లి లాంటివాటిలోని గంధకపు పదార్థాలకు సంబంధించింది. క్వెర్సెటిన్‌కు దానితో పని లేదు. ఉల్లిని గాలి ఆడే పొడి చోట నెలల తరబడి నిలవ ఉంచినా పెద్దగా తగ్గదు.

యాపిల్‌లో తొక్కతో కలిపి 100 గ్రాములకు సుమారు 4 మి.గ్రా. ఉంటుంది. దాదాపు అంతా తొక్కలోనే. తొక్క తీసేసి తింటే ఇందుకోసమైతే తినడం దండగ. వడకట్టిన తేటయైన యాపిల్ రసంలోనూ దాదాపు ఉండదు. టీ 200 మి.లీ. కప్పుకు సుమారు 4 మి.గ్రా. మూడు నుంచి ఐదు నిమిషాలు నానితే చాలావరకు దిగుతుంది. పాలు కలిపితే ఫ్లేవనాయిడ్లు పనికిరాకుండా పోతాయన్న భయం చాలామందికి ఉంది. 2001లో నెదర్లాండ్స్‌లోనే ఈ సంగతి మనుషుల మీద కొలిచి చూస్తే, పాలు కలిపినా కలపకపోయినా టీలోని ఫ్లేవనాల్స్ ఒంటబట్టడంలో తేడా రాలేదు. అయితే టీ తాగే వేళ ముఖ్యం. భోజనంతో కలిపి తాగితే శాకాహారంలోని ఇనుము ఒంటబట్టకుండా అడ్డుపడుతుంది. రక్తహీనత ఉన్నవాళ్లు భోజనానికీ టీకీ మధ్య కనీసం గంట ఎడం పాటించాలి.

కొత్తిమీర, సోయికూరల్లో 100 గ్రాములకు 50 మి.గ్రా. పైన ఉంటుంది. చూడటానికి ఉల్లిని మించినట్టుంది, కానీ ఒక పూట మనం వేసుకునేది పది గ్రాములే, అంటే 5 మి.గ్రా. పట్టికల్లో మొదటి స్థానంలో కనిపించే కేపర్స్‌దీ (ఉప్పులో ఊరబెట్టి వాడే ఒక రకం పూమొగ్గలు) ఇదే కథ. నిలవ పెట్టినవాటిలో కూడా 100 గ్రాములకు 170 మి.గ్రా. దాకా ఉంటుంది. ఒక టేబుల్‌స్పూన్‌కు దాదాపు 15 మి.గ్రా. వస్తుంది, దానితో పాటు 200 మి.గ్రా. సోడియం కూడా వస్తుంది. బీపీ కోసం తింటూ బీపీని పెంచే ఉప్పు తెచ్చుకున్నట్టవుతుంది. పచ్చి ఉల్లిముక్కల మీద ఉప్పు చల్లుకునే అలవాటు ఉంటే, అదీ ఈ లెక్కలోదే.

మీకు ఆచరణలో సరిపోయే ఒక రోజు ఇలా ఉండొచ్చు: మధ్యస్థంగా ఉన్న ఎర్ర ఉల్లిపాయ ఒకటి, 100 గ్రాములు, సగం పచ్చిగా సగం వండి, అంటే 30 మి.గ్రా. తొక్కతో ఒక యాపిల్, 6. రెండు కప్పుల టీ, 8. గుప్పెడు కొత్తిమీర, 5. మొత్తం 50 మి.గ్రా. దగ్గర పడుతుంది. జుట్ఫెన్‌లో మేలు కనిపించినవాళ్లు తీసుకున్నదాని కంటే ఇది తక్కువేమీ కాదు. ఇంతకు మించి ఉల్లి కోసం కడుపును ఇబ్బంది పెట్టక్కర్లేదు. ఉల్లిలో ఫ్రక్టాన్లు అనే పీచు పదార్థం ఉంటుంది. పేగులు సున్నితంగా ఉన్నవాళ్లకు కడుపుబ్బరం, గ్యాస్ తెప్పించేది అదే. అలాంటివాళ్లు వండిన ఉల్లి 30 గ్రాములతో మొదలుపెట్టి వారానికొకసారి పెంచుకుంటూ వెళ్లి, ఇబ్బంది మొదలైన చోట ఆగాలి. యాపిల్ కూడా వాళ్లకు ఇబ్బందే కాబట్టి ఉల్లికాడల పచ్చని భాగం, బ్లూబెర్రీలు, ఆకులు, టీ వైపు వెళ్లాలి. ఛాతీలో మంట ఉన్నవాళ్లు పచ్చి ఉల్లిని రాత్రి భోజనంలో వదిలేయాలి.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న డబ్బా. మీరు వాడే అమ్లోడిపిన్, అటోర్వాస్టాటిన్ రెండూ ఒంట్లో సీవైపీ3ఏ4 అనే ఎంజైము ద్వారానే విరుగుతాయి. క్వెర్సెటిన్ ఆ ఎంజైమునూ, మందుల్ని కణాల నుంచి బయటికి తోసే పీ-గ్లైకోప్రొటీన్ అనే పంపునూ తాకుతుంది. మనుషుల మీద చేసిన పరీక్షల్లో అలర్జీ మందు ఫెక్సోఫెనడిన్, అవయవ మార్పిడి జరిగినవాళ్లు వాడే సైక్లోస్పోరిన్ రక్తంలో పెరిగాయి. మరికొన్ని మందుల విషయంలో ప్రభావం వేరే దిశలోనూ కనిపించింది. మీ రెండు మందులతో ఇలాంటిది జరిగితే ముందుగా తెలిసేది కాళ్ల వాపు, తల తిరగడం, లేదా కారణం లేని కండరాల నొప్పి. ఆ లక్షణాలు క్యాప్సూల్ వల్లో, మందు వల్లో, వయసు వల్లో తేల్చుకోలేని అయోమయంలో పడతారు. మూడు పాయింట్ల కోసం అంత చిక్కు అవసరమా అన్నది ఆలోచించండి. మా అభిప్రాయం, వద్దనే.

వైద్యుడు సరేనన్నా లేబుల్ చదవడం నేర్చుకోండి. 'క్వెర్సెటిన్ డైహైడ్రేట్ 500 మి.గ్రా.' అని ఉంటే అందులో పదో వంతు పైచిలుకు నీళ్ల బరువే. అసలు క్వెర్సెటిన్ సుమారు 447 మి.గ్రా. ఫైటోసోమ్ (కొవ్వు పదార్థంతో జోడించిన రూపం) అని రాసి ఉంటే ఆ రకం చాలా రెట్లు ఎక్కువగా ఒంటబడుతుంది, కాబట్టి మిల్లీగ్రాములు తక్కువగా ఉన్నాయని రెండేసి వేసుకోకూడదు. అనాసలో ఉండే బ్రోమెలైన్ అనే ఎంజైము కలిపినవి కూడా దొరుకుతాయి. రక్తం పలుచన చేసే మందులు, ఆస్పిరిన్ వాడేవాళ్లు వాటికి దూరంగా ఉండాలి. 1,000 మి.గ్రా. మోతాదులో కొందరికి తలనొప్పి, చేతివేళ్లలో చీమలు పాకినట్టు ఉండటం, కడుపులో తిప్పడం కనిపించాయి. చాలా పరీక్షలు 12 వారాలకు మించి సాగలేదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు తీసుకోకూడదు, రక్తనాళం ద్వారా పెద్ద మోతాదు ఇచ్చిన తొలిదశ పరీక్షల్లో కిడ్నీలే దెబ్బతిన్నాయి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు తిండికి మించి తీసుకోకూడదు. అమెరికా ఎఫ్‌డీఏ 2010లో ఆహారపదార్థాల్లో ఒక సర్వింగ్‌కు 500 మి.గ్రా. వరకు కలపడంపై అభ్యంతరం చెప్పలేదు. దీన్ని 'ఎఫ్‌డీఏ ఆమోదించిన మందు' అని చెప్పేవాళ్లుంటారు. అది భద్రతకు సంబంధించిన మాట, పనిచేస్తుందన్న మాట కాదు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2011లో, క్వెర్సెటిన్ మీద తన ముందుకొచ్చిన ఆరోగ్య ప్రకటనలకు తగిన రుజువు లేదని తేల్చింది.

జలుబులు రావన్న ప్రచారం గురించి కూడా ఒక్క మాట. 1,000 మందికి పైగా పెద్దలకు 12 వారాలు 500, 1,000 మి.గ్రా. ఇచ్చి చూస్తే మొత్తం మీద శ్వాసకోశ ఇన్ఫెక్షన్లలో తేడా రాలేదు. యూరిక్ ఆసిడ్ కొంచెం ఎక్కువగా ఉన్న 22 మంది మగవాళ్లలో 500 మి.గ్రా. నాలుగు వారాలకు దాన్ని కొద్దిగా తగ్గించింది. ఆశ కలిగించేదే, కానీ అంత చిన్న పరీక్షను చూసి గౌట్ మందు పక్కన పెట్టలేం.

బీపీ నిజంగా తగ్గాలంటే చూపు మరో వైపు తిప్పాలి. 1997లో వెలువడిన డాష్ ఆహారపు పరీక్షలో ఉప్పు, బరువు మార్చకుండానే, పండ్లు, కూరగాయలు, కొవ్వు తక్కువ ఉన్న పాల పదార్థాలు పెంచి, సంతృప్త కొవ్వు తగ్గిస్తే, బీపీ ఉన్నవాళ్లలో ఎనిమిది వారాల్లో పై అంకె 11.4, కింది అంకె 5.5 పాయింట్లు తగ్గాయి. పై అంకెలో క్వెర్సెటిన్ క్యాప్సూళ్ల సగటుకు ఇది దాదాపు నాలుగు రెట్లు. మీ ఉల్లి, యాపిల్ అలాంటి పళ్లెంలో భాగంగా ఉన్నప్పుడే వాటి విలువ. దీనికి ఉప్పు తగ్గింపు కూడా తోడైతే ఇంకా మేలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు, అన్నీ కలిపి రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక టీస్పూన్ కంటే తక్కువ.

మార్పు వచ్చిందో లేదో తెలియాలంటే సరిగా కొలవాలి. ముందు ఇప్పుడున్న అంకె తెలుసుకోండి. ఏడు రోజులు, ఉదయం మందు వేసుకోకముందు, సాయంత్రం మళ్లీ, ఒక్కోసారి నిమిషం ఎడంతో రెండేసి కొలతలు. అరగంట ముందు నుంచి టీ, కాఫీ, పొగ వద్దు. ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చుని, వీపు ఆనించి, పాదాలు నేల మీద ఆనించి, చేయి గుండె ఎత్తులో పెట్టండి. చేతికి కట్టే పట్టీ చిన్నదైతే అంకె తప్పుడుగా ఎక్కువ చూపిస్తుంది, భుజం చుట్టుకొలత చూసి కొనుక్కోండి. మొదటి రోజు కొలతలు వదిలేసి మిగతా ఆరు రోజుల సగటు తీయండి. ఆ తర్వాత తిండి మార్చి, ఎనిమిది వారాలకు ఇదే తీరుగా మళ్లీ కొలవండి. మాత్రలు, మోతాదులు మాత్రం ఈ మధ్యలో కదపకండి.

ఇంట్లో తీసిన సగటు 135/85 కంటే పైనే ఉంటే, తిండి ఫలితం కోసం ఎనిమిది వారాలు ఆగకుండా ఆ కాగితం పట్టుకుని వైద్యుడి దగ్గరకు వెళ్లండి. బహుశా మోతాదు మార్చాల్సి ఉంటుంది. సగటు బాగా దిగి తల తిరగడం లాంటివి మొదలైనా ఆయనే మాత్ర తగ్గిస్తారు. రెండు సందర్భాల్లోనూ ఆ క్యాప్సూళ్ల డబ్బాను వెంట తీసుకెళ్లి, లేబుల్ ఆయనకు చూపించండి.